ఇంటర్నెట్ చట్టాల మీద వారం రోజుల సెమినార్ పెట్టాలంటే: బరంపురం వైపు వాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

ఇంటర్నెట్, చట్టం, సమాజం అనే విషయం మీద సెమినార్ అనుకోగానే మన కాలేజీల్లో ముందు తయారయ్యేది వక్తల జాబితా. ఢిల్లీ నుంచి ఒకరు, బెంగళూరు నుంచి ఇద్దరు, ప్రారంభ సభకు ఒక జడ్జి గారు, ముగింపుకి వైస్ ఛాన్స్‌లర్ గారు. వాళ్లు ఖాయమయ్యాక ఎవరు ఏం మాట్లాడతారో దాన్ని బట్టి వారమంతా సర్దేస్తారు. నేను దీన్ని తిరగేసి చేయమంటాను. ముందు గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో జనానికి నెట్ వల్ల ఎదురైన చిక్కులు పోగుచేయండి, తర్వాత ఒక్కో చిక్కుకీ ఏ చట్టం వర్తిస్తుందో చూడండి, ఆ చట్టం గురించి చెప్పగలిగిన మనిషిని అందరికన్నా ఆఖరున పిలవండి.

పెద్ద నగరాల్లో దొరకని సరుకు ఇక్కడ ఉంది. గంజాం నుంచి వేలమంది సూరత్ మరమగ్గాల మీద పనిచేస్తున్నారు, వాళ్లు పంపే డబ్బు ఫోన్లోనే ఇంటికి చేరుతోంది, ఇంట్లో ఉన్న తల్లికేమో ఆ ఫోన్లో వచ్చే మెసేజ్ చదవడం రాదు. రేషన్ షాపులో వేలిముద్ర పడని ముసలివాళ్లు ఉన్నారు. కోరాపుట్ జిల్లా పొట్టంగి దగ్గరి కొటియా ఊళ్లను ఇటు ఒడిశా, అటు ఆంధ్ర రెండూ మావే అంటాయి, రెండు వైపుల నుంచీ పథకాలు అందుతాయి, అంటే ఒకే కుటుంబం వివరాలు రెండు ప్రభుత్వాల కంప్యూటర్లలో ఉండొచ్చు. ప్రైవసీ గురించి మాట్లాడటానికి ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు.

ఆరు నెలల ముందు: కేసు కాగితాలు తయారు చేయండి

ఈ ఒక్క పని సరిగ్గా చేస్తే సగం సెమినార్ అయిపోయినట్టే. ఇద్దరు ముగ్గురు విద్యార్థులను, ఒక జూనియర్ లాయరును జట్టుగా వేసి బరంపురం జిల్లా కోర్టు ప్రాంగణానికి, న్యాయ సేవల సంస్థ ఆఫీసుకి, సైబర్ పోలీస్ స్టేషనుకి, దరఖాస్తులు నింపే సేవా కేంద్రాలకి, రేషన్ డీలర్ల దగ్గరికి, ఊళ్లలో బ్యాంకు తరఫున డబ్బు ఇచ్చిపుచ్చుకునే బ్యాంక్ మిత్రల దగ్గరికి పంపండి. ఉత్తరం పట్టుకుని వెళ్లమనండి. మీ శాఖాధిపతి సంతకం, ఏం అడగబోతున్నారు, ఏం అడగరు అన్నవి అందులో తెలుగులోనూ ఒడియాలోనూ ఉండాలి. పోలీసు వాళ్లను నడుస్తున్న కేసు గురించి అడగొద్దు, వాళ్లు చెప్పలేరు. "ఏ రకం ఫిర్యాదులు ఎక్కువ వస్తున్నాయి, ఫిర్యాదు రాయడంలో జనం ఎక్కడ తడబడుతున్నారు" అని అడిగితే గంటసేపు చెబుతారు.

పోగైన వాటిని ఒక్కోటి ఒక పేజీలో రాయాలి. పేర్లు, ఊళ్లు, వయసులు, తేదీలు మార్చేయండి. లైంగిక నేరాల బాధితుల గుర్తింపు బయటపెట్టడం ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం, కాబట్టి అలాంటి సంఘటన ఏదైనా తీసుకుంటే దాన్ని పూర్తిగా కల్పిత పాత్రలతో కొత్తగా అల్లుకోవాలి, ఊరి ఆనవాలు కూడా మిగలకూడదు.

నమూనాకి ఒక కాగితం ఇలా ఉండొచ్చు. పెద్దబజారులో పట్టుచీరల చిన్న కొట్టు. ఎవరో కొనుక్కుని 6,400 రూపాయలు యూపీఐలో కొట్టి వెళ్లారు. పదిరోజుల తర్వాత కొట్టు యజమాని నేతగాళ్లకు డబ్బు పంపబోతే ఖాతా ఫ్రీజ్ అయిందని వస్తుంది. బ్యాంకుకి వెళితే వేరే రాష్ట్రం పోలీసుల నుంచి ఉత్తరం వచ్చింది, మేమేం చేయలేం అంటారు. ఆ 6,400 ఎక్కడో ఎవరినో మోసం చేసి కాజేసిన డబ్బులో ఒక ముక్క. ఖాతాలో ఉన్న లక్షా ఎనభై వేలూ ఆగిపోయాయి. ఇంతే కాగితం. కింద ప్రశ్నలు: పోలీసులకు ఈ అధికారం ఎక్కడి నుంచి వచ్చింది, మొత్తం ఖాతా ఆపాలా లేక వివాదంలో ఉన్న మొత్తం మాత్రమేనా, ఆయన ఏ ఊరి కోర్టుకి వెళ్లాలి, ఈలోగా నేతగాళ్లకు ఏం చెప్పాలి. మొదటి ప్రశ్నకు జవాబు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 106వ సెక్షన్లో దొరుకుతుంది, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 102. రెండోదానికి కేరళ హైకోర్టు 2023లో, అనుమానం ఉన్న మొత్తానికే ఆపడాన్ని పరిమితం చేయమని చెప్పిన తీర్పు ఉంది. మూడో ప్రశ్న దగ్గర గది రెండుగా చీలిపోతుంది, చీలనివ్వండి. నాలుగోదానికి చట్టంలో జవాబు లేదు, సమాజశాస్త్రం వాళ్లూ అర్థశాస్త్రం వాళ్లూ నోరు తెరవాల్సింది అక్కడే.

ఇలాంటివి పన్నెండు పదిహేను ఉంటే వారానికి చాలు.

ఎప్పుడు పెట్టాలి

అక్టోబరు వద్దు. ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, హుద్‌హుద్ 2014లో సరిగ్గా అదే తేదీన విశాఖను కొట్టింది, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస వైపు వచ్చి గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడేలా చేసింది. రైళ్లు ఆగితే వక్తలు రారు, కరెంటూ టవర్లూ పోతే ఆన్‌లైన్ వాళ్లు కూడా దొరకరు. వేసవిలో ఎండ సంగతి సరే, రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర జరిగే ఏడాదైతే బరంపురంలో గదులు దొరకడం కష్టం. సంక్రాంతి వెళ్లాక, జనవరి మూడో వారం నుంచి ఫిబ్రవరి మధ్య దాకా ఉన్న కాలం బాగుంటుంది, కాకపోతే సరస్వతీ పూజ ఏ రోజు పడిందో ముందు చూసుకోండి, ఎందుకంటే ఇక్కడి కాలేజీల్లో ఆ పూజ పనులన్నీ విద్యార్థులే చేస్తారు, ఆ రెండు మూడు రోజులు మీ వలంటీర్లు ఎవరూ మీకు మిగలరు. రిపబ్లిక్ డే ఉన్న వారాన్ని కూడా వదిలేయండి.

సోమవారం మొదలుపెట్టి ఆదివారం మధ్యాహ్నానికి ముగించండి. క్రెడిట్లు ఇవ్వాలనుకుంటే ఒక క్రెడిట్‌కి 15 గంటల బోధన లెక్క, కాబట్టి రోజుకు అయిదు గంటల చొప్పున ఆరు రోజులు నడిస్తే రెండు క్రెడిట్లకు సరిపోతుంది. ఆ మేరకు అకడమిక్ కౌన్సిల్ అనుమతి ముందే తీసుకోవాలి, సెమినార్ అయ్యాక అడిగితే ఎవరూ ఇవ్వరు.

భాష సంగతి మొదటి మీటింగులోనే తేల్చండి

ఇది అందరూ ఆఖరికి వదిలేసే విషయం, నాకు మాత్రం అన్నిటికన్నా ముఖ్యమైనది. మన హాల్లో తెలుగువాళ్లు ఉంటారు, ఒడియావాళ్లు ఉంటారు, పర్లాకిమిడి, గుణుపురం వైపు నుంచి సవర మాట్లాడే పిల్లలు వస్తారు, రాయగడ నుంచి కువి మాట్లాడేవాళ్లు వస్తారు. అంతా ఇంగ్లీషులోనే నడిపితే ఇంగ్లీషు వచ్చిన నలుగురే వారం రోజులూ మాట్లాడతారు, మిగతావాళ్లు సర్టిఫికెట్ కోసం కూర్చుంటారు.

నేను సూచించే పద్ధతి ఇది. ఉదయం ఉపన్యాసం ఇంగ్లీషులో ఉండొచ్చు, కానీ వక్త ప్రతి ఇరవై నిమిషాలకు ఆగాలి, అప్పుడు ఒకరు తెలుగులో, ఒకరు ఒడియాలో మూడు నిమిషాల్లో సారాంశం చెప్పాలి. ఈ ఆగడం గురించి వక్తకు ఆహ్వానంలోనే రాయండి. మధ్యాహ్నం చర్చలన్నీ ఎవరి భాషలో వాళ్లవి, చిన్న గుంపుల్లో. సారాంశం చెప్పేవాళ్లు చట్టం చదువుకున్నవాళ్లే కానక్కర్లేదు, మాట తేటగా ఉంటే చాలు. వాళ్లకు వక్త స్లైడ్లు రెండు రోజుల ముందే అందాలి, వాళ్ల పేరు కూడా కార్యక్రమ పత్రంలో వక్త పేరు పక్కనే అచ్చవ్వాలి.

పదాల పట్టిక ఒకటి తయారు చేయండి, నలభై యాభై మాటలు చాలు. జనం వాడే మాటలే రాయండి. ఖాతా ఫ్రీజ్, ఓటీపీ, నెట్ బంద్, వేలిముద్ర పడకపోవడం, ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచి, చట్టంలో వాటిని ఏమంటారో పక్కన రాస్తే సరిపోతుంది. సుప్రీంకోర్టు తీర్పులు ఈ-ఎస్‌సీఆర్ పోర్టల్లో ఉచితంగా దొరుకుతాయి, కొన్నిటికి తెలుగు, ఒడియా అనువాదాలు కూడా ఉన్నాయి. అవి యంత్రం సాయంతో చేసినవి కాబట్టి ఒకసారి మూలంతో పోల్చి చూడకుండా జిరాక్స్ తీసి పంచొద్దు.

చదవమని ఇచ్చే కాగితాలు రోజుకు పదిహేను పేజీలు దాటకూడదు. తీర్పు మొత్తం ఇవ్వకండి, అవసరమైన పేరాలు కత్తిరించి ఇవ్వండి.

ఇక రోజువారీ పథకం

మొదటి రోజు నెట్ అంటే ఏమిటో, దాని తాళాలు ఎవరి చేతిలో ఉన్నాయో చూపించాలి. కేబుల్ ఎవరిది, టవర్ ఎవరిది, మన ఊరి పంచాయతీ దాకా ఫైబర్ వచ్చిందా, వస్తే వెలుగుతోందా. 2016 ఫిబ్రవరి 8న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, ఏ వెబ్‌సైటు చూస్తున్నామన్న దాన్ని బట్టి డేటాకు వేర్వేరు రేట్లు పెట్టకూడదని నిబంధన తెచ్చింది. కొన్ని సైట్లను ఉచితంగా ఇస్తామన్న పథకాలు అప్పుడు ఆగిపోయాయి. పేదలకు ఉచితంగా కొంతైనా రావడం మేలా, అందరికీ ఒకే నెట్ ఉండటం మేలా అని మొదటి రోజే అడిగితే చట్టం తెలియనివాళ్లకు కూడా చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. మొదటి రోజు అందరి గొంతూ విప్పించడమే అసలు పని.

రెండో రోజు మాట స్వేచ్ఛ. ఐటీ చట్టం 2000 అక్టోబరు 17న అమల్లోకి వచ్చింది, నెట్‌లో అభ్యంతరకరమైన సందేశాలు పంపితే శిక్షించే 66ఏ సెక్షన్ 2008 సవరణతో చేరింది, 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇంతవరకు ప్రతి వక్తా చెబుతాడు. కొట్టేసిన తర్వాత కూడా ఆ సెక్షన్ కింద కేసులు పెడుతూనే ఉన్నారని తేలి, 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మళ్లీ ఆదేశం ఇవ్వాల్సి వచ్చింది, ఆ సంగతి దగ్గర ఆగండి. ఢిల్లీలో వచ్చిన తీర్పు మన పోలీస్ స్టేషను దాకా రావడానికి ఎన్నేళ్లు పడుతుంది, ఎవరు మోసుకురావాలి అన్నది ఒక పూట చర్చకు సరిపోతుంది. తర్వాత 79వ సెక్షన్: వేరేవాళ్లు పెట్టిన పోస్టుకు ఫేస్‌బుక్, యూట్యూబ్ లాంటి సంస్థలు ఎంతవరకు బాధ్యత వహించాలి. 69ఏ కింద సైట్లనూ యాప్‌లనూ ఆపే అధికారం, 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను ఆపింది దాని కిందే. టిక్‌టాక్ పోయినప్పుడు మన పల్లెల్లో వీడియోలు చేసుకునే కుర్రాళ్లు ఎంతమంది ఉన్నారో గుర్తుచేసుకుని, వాళ్లలో ఒకరిని పిలిచి మాట్లాడించండి. 2025 సెప్టెంబరులో, నెట్‌లోని పోస్టులు తీసేయమని ప్రభుత్వ శాఖలు ఆదేశాలు పంపే సహయోగ్ పోర్టల్ మీద ఎక్స్ సంస్థ వేసిన పిటిషన్‌ని కర్ణాటక హైకోర్టు కొట్టేసింది, దాన్ని సీనియర్ విద్యార్థులకు వాదనగా ఇవ్వొచ్చు.

మూడో రోజు ప్రైవసీ. పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కని చెప్పారు, 2018 సెప్టెంబరు 26న ఆధార్ తీర్పు వచ్చింది, 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, సంస్థల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకు ఆ తర్వాత 18 నెలల గడువు ఇచ్చారు. ఈ చట్టం 5వ సెక్షన్ ప్రకారం మన డేటా తీసుకునేవాళ్లు ఇచ్చే నోటీసును ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని ఏ భాషలో గానీ చదువుకునే అవకాశం ఇవ్వాలి. తెలుగు ఉంది, ఒడియా ఉంది, సంతాలీ కూడా ఉంది. సవర లేదు, కువి లేదు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉండి సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాసి, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించాలని తపించిన నేల ఇది. అదే నేల మీద సవర రైతు తన డేటాకు ఏమవుతుందో తన భాషలో తెలుసుకునే హక్కు ఏ చట్టంలోనూ లేదని మూడో రోజు ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి. మధ్యాహ్నం పనిగా ఏదైనా లోన్ యాప్ నోటీసు తీసుకుని సవర వచ్చిన విద్యార్థుల చేత అరపేజీ అనువాదం చేయించండి. ఎక్కడ మాట దొరకలేదో గోడ మీద కాగితం పెట్టి రాయించండి.

అదే రోజు ఒరిస్సా హైకోర్టు 2020 నవంబరు 23న ఒక బెయిల్ పిటిషన్‌లో ఇచ్చిన ఉత్తర్వును తప్పకుండా చదివించాలి. ఒక అమ్మాయి అంతరంగిక దృశ్యాలు ఫేస్‌బుక్‌లో పెట్టిన కేసు అది. జస్టిస్ ఎస్.కె. పాణిగ్రాహి, నిందితుణ్ని శిక్షించడం ఒక ఎత్తు, ఆ దృశ్యాలు నెట్ నుంచి శాశ్వతంగా పోయేలా చూడటం మరో ఎత్తు, రెండోదానికి మన దగ్గర సరైన దారి లేదని చర్చించారు. మన రాష్ట్రం హైకోర్టు నుంచి వచ్చింది కాబట్టి స్థానిక లాయర్లు దీని మీద శ్రద్ధగా మాట్లాడతారు.

నాలుగో రోజు హాలుకి తాళం వేయండి. అందరూ ఊళ్లోకి. అయిదేసి మంది జట్లుగా రేషన్ షాపుకి, సేవా కేంద్రానికి, బ్యాంక్ మిత్ర దగ్గరికి, సెల్ రీఛార్జి కొట్టుకి. రేషన్ షాపుకి వెళ్లిన జట్టు చేయాల్సింది ఒక్కటే, వేలిముద్ర తీసుకునే ఈపాస్ మెషీన్ పక్కన రెండు గంటలు కూర్చుని చూడటం. ఎన్నిసార్లు వేలు పెట్టించారు, వేలు పడకపోతే డీలర్ ఏం చేశాడు, ఓటీపీ అడిగాడా, మళ్లీ రమ్మన్నాడా, ఆ ఫోన్ నంబరు ఎవరిది. కొన్నిసార్లు ఓటీపీ సూరత్‌లో ఉన్న కొడుకు ఫోనుకి వెళుతుంది, అతను షిఫ్టులో ఉంటే ఇక్కడ బియ్యం ఆగిపోతాయి. చట్టం పుస్తకంలో ప్రామాణీకరణ అని ఒక్క మాటలో ఉన్నది ఆ కౌంటర్ దగ్గర ఎంత సేపు పడుతుందో కళ్లారా చూసినవాళ్లు మర్నాడు మాట్లాడే తీరే వేరు. ఫొటోలు తీయొద్దు, కార్డు నంబర్లు రాసుకోవద్దు, డీలర్‌ని తనిఖీకి వచ్చినట్టు ప్రశ్నించొద్దు. ఆయనకూ పైనుంచి ఒత్తిడి ఉంటుంది, ఆయన మాట కూడా రాసుకోండి.

అయిదో రోజు సైబర్ నేరాలు, సాక్ష్యాలు. సైబర్ మోసాల ఫిర్యాదుకి ఉన్న 1930 నంబరుకి ఎంత త్వరగా ఫోన్ చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ అన్నది సైబర్ పోలీసు వాళ్లే వచ్చి చెబితే బాగుంటుంది. పోలీసులమంటూ వీడియో కాల్‌లో బెదిరించి చేసే డిజిటల్ అరెస్ట్ అనేది ఏ చట్టంలోనూ లేదని కూడా వాళ్ల నోటే చెప్పించండి. ఆ పూట బయటివాళ్లను కూడా రానివ్వండి, ముఖ్యంగా రిటైరైన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు. మధ్యాహ్నం మాత్రం చేత్తో చేయించే పని. 2024 జూలై 1 నుంచి సాక్ష్య చట్టం మారింది, ఎలక్ట్రానిక్ రికార్డుల గురించిన పాత 65బీ స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ వచ్చింది, దాని సర్టిఫికెట్‌లో రెండు భాగాలు ఉన్నాయి, ఒకటి సాక్ష్యం ఇచ్చే మనిషి నింపాలి, రెండోది నిపుణుడు నింపాలి, అందులో హాష్ విలువ, అంటే ఆ ఫైలును బట్టి కంప్యూటర్ లెక్కగట్టే అంకెల వరస, రాయాలి. ప్రతి జట్టుకీ ఒక పాత ఫోన్ ఇచ్చి, అందులో మీరే కల్పించిన వాట్సాప్ సంభాషణ పెట్టి, దాన్ని కోర్టుకి ఎలా ఇస్తారో చేసి చూపించమనండి. అందరూ ముందు స్క్రీన్‌షాట్ తీస్తారు. తీయనివ్వండి. తర్వాత ఆ చిత్రంలో ఒక్క అక్షరం మార్చి రెండోసారి హాష్ లెక్కగట్టమనండి. అంకెల వరస మొత్తం మారిపోవడం వాళ్ల కళ్లముందే జరుగుతుంది, సర్టిఫికెట్‌లో ఆ గడి ఎందుకుందో ఇక ఎవరూ ఉపన్యాసం చెప్పక్కర్లేదు.

ఆరో రోజు మాక్ విచారణ

వారంలో నాకు ఎక్కువ ఇష్టమైన రోజు ఇది, ఎక్కువ సన్నాహం కావాల్సింది కూడా దీనికే. విషయం నెట్ బంద్. 2023 ఏప్రిల్‌లో సంబల్‌పూర్‌లో గొడవలు జరిగి నెట్ ఆపేసిన సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. దాన్ని యథాతథంగా తీసుకోకుండా ఒక కల్పిత పట్నంలో నాలుగు రోజులు నెట్ ఆపారని అనుకోండి. పిటిషనర్లు ముగ్గురు: ఆన్‌లైన్ దరఖాస్తుకి ఆఖరి తేదీ పోగొట్టుకున్న విద్యార్థి, యూపీఐ మీద నడిచే టిఫిన్ కొట్టు యజమాని, సూరత్ నుంచి డబ్బు రావాల్సిన తల్లి. అటువైపు రాష్ట్ర ప్రభుత్వం, దాని చేతిలో కూడా బలమైన సరుకు ఉండాలి: పుకార్ల వీడియోలు, రెండు చోట్ల రాళ్లు రువ్విన ఘటనలు, గాయపడినవాళ్లు. ఒక వైపు బలహీనంగా పెడితే విచారణ చప్పబడిపోతుంది.

ఆధారాలు రెండు చాలు. ఒకటి సుప్రీంకోర్టు అనురాధా భసిన్ తీర్పు, 2020 జనవరి 10. నెట్ ఆపే ఉత్తర్వులు ప్రచురించాలి, నిరవధికంగా ఆపడం కుదరదు, అవసరానికి మించి ఆపకూడదు అని అందులో ఉంది. రెండోది 2024లో వచ్చిన టెలికాం సేవల తాత్కాలిక నిలిపివేత నియమాలు, ఇవి 2017 నాటి పాత నియమాల స్థానంలో వచ్చాయి. ఉత్తర్వు ఎవరు ఇవ్వొచ్చు, ఎన్ని రోజులకు ఇవ్వొచ్చు, సమీక్ష కమిటీ ఎప్పుడు చూడాలి అన్నవి అందులో వెతకడం విద్యార్థుల పని, మీరు చెప్పేయకండి. 2019లో కేరళ హైకోర్టు హాస్టల్ అమ్మాయిల ఫోన్ల మీద ఆంక్షల కేసులో నెట్ అందుబాటును చదువుకునే హక్కుతో, గోప్యతతో ముడిపెట్టింది, విద్యార్థి తరఫువాళ్లకు అది పనికొస్తుంది.

ఒక్కో పక్షానికి నలభై నిమిషాలు, జడ్జీల ప్రశ్నలకు అరగంట. జడ్జీలుగా ఒక సీనియర్ లాయరును, ఒక రిటైరైన న్యాయాధికారిని, ఒక సమాజశాస్త్రం టీచరును కూర్చోబెట్టండి. వాదన ఏ భాషలోనైనా ఉండొచ్చు. తీర్పు అదే సాయంత్రం ఇవ్వాలి, రెండు పేజీల్లో, కారణాలతో. ఓడినవాళ్లు ఎందుకు ఓడారో తెలియకుండా పంపకూడదు.

ఏడో రోజు సగం పూటే. జట్లు తమ నాలుగో రోజు నివేదికలు చదువుతాయి, ఒక్కోదాని మీద ఊళ్లో ఎవరికి ఏ ఉత్తరం రాయాలో అక్కడికక్కడే ముసాయిదా తయారవుతుంది. సన్మానాలు, శాలువాలు ఉంటే పావుగంటలో ముగించండి.

ఎవరిని తీసుకోవాలి, వాళ్ల నుంచి ఏం తీసుకోవాలి

నలభై మందికి మించొద్దు. లా విద్యార్థులు సగమే ఉండాలి. మిగతా సగంలో జర్నలిజం, కంప్యూటర్లు, సమాజశాస్త్రం చదివేవాళ్లు, ఊళ్లలో పనిచేసేవాళ్లు, ఇద్దరు ముగ్గురు జూనియర్ లాయర్లు ఉండాలి. పర్లాకిమిడి, రాయగడ, జయపురం నుంచి వచ్చేవాళ్లకు ప్రయాణ ఖర్చు ముందే ఇచ్చేయండి, తర్వాత ఇస్తామంటే చేతిలో డబ్బు లేనివాళ్లు అసలు దరఖాస్తే పెట్టరు.

రిజిస్ట్రేషన్ ఫారం దగ్గర చాలా జాగ్రత్త కావాలి. డేటా రక్షణ మీద సెమినార్ పెడుతూ అందరి ఆధార్ జిరాక్సులూ పోగుచేసి ఆఫీసు బల్ల మీద పడేయడం తప్పు. పేరు, ఫోను, చదువు లేదా పని, ఏ భాషలో సౌకర్యం, భోజనంలో ఏం తినరు, మెట్లు ఎక్కడం లాంటివి కష్టమా, ఇవి చాలు. లాడ్జి వాళ్లకు గుర్తింపు కార్డు కావాలంటే వాళ్లే నేరుగా కౌంటర్లో చూపించుకుంటారు, మధ్యలో మీరు కాపీ ఉంచుకోవద్దు. ఫారం కింద మూడు వాక్యాలు రాయండి: ఈ వివరాలు ఎందుకు తీసుకుంటున్నాం, ఎవరు చూస్తారు, ఏ తేదీన చెరిపేస్తాం. 18 ఏళ్లు నిండనివాళ్లను డేటా రక్షణ చట్టం పిల్లలుగా చూస్తుంది, తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ఇంటర్ పిల్లలు వస్తామంటే ఇది గుర్తుంచుకోండి.

మామూలు వాట్సాప్ గ్రూపులో వేస్తే ప్రతి అమ్మాయి నంబరూ ముక్కూమొహం తెలియని వాళ్లకు చేరుతుంది. కమ్యూనిటీ పెట్టి ప్రకటనల గ్రూపులో మాత్రమే చేర్చండి, అందులో సభ్యుల నంబర్లు ఒకరికొకరికి కనబడవు. ఫొటోలు వద్దనుకునేవాళ్లకు వేరే రంగు బ్యాడ్జి ఇవ్వండి, ఫొటోగ్రాఫరుకి ఆ సంగతి మొదటి రోజు పొద్దున్నే చెప్పండి. మధ్యాహ్నం చర్చలు రికార్డు చేయొద్దు. అక్కడ విన్నది బయట చెప్పుకోవచ్చు కానీ ఎవరన్నారో చెప్పకూడదని నియమం పెడితే పోలీసాయనా మాట్లాడతాడు, ఆయన మీద ఫిర్యాదున్న లాయరూ మాట్లాడతాడు.

వక్తలు

కటక్‌లో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది, విశాఖలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది, హైదరాబాద్‌లో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. హౌరా-చెన్నై మెయిన్ లైన్ మీద ఉన్నాం కాబట్టి కటక్, విశాఖల నుంచి రావడం సులువు. బెంగళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ, ఢిల్లీలోని ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్, ఎస్ఎఫ్ఎల్‌సీ లాంటి సంస్థల్లో ఈ విషయాల మీద రోజూ పనిచేసేవాళ్లు ఉన్నారు, వాళ్లకు నాలుగు నెలల ముందు రాయండి, మీ కేసు కాగితాలు రెండు జతచేయండి. వట్టి ఆహ్వాన పత్రం కన్నా ఆ కాగితాలే వాళ్లను రప్పిస్తాయి. ప్రతి వక్త ఉపన్యాసమూ ఒక కేసు కాగితంతో మొదలవ్వాలని షరతు పెట్టండి. విదేశాల నుంచి ఎవరినైనా స్వయంగా రప్పించాలంటే కాన్ఫరెన్స్ వీసా, అనుమతుల పని ఉంటుంది, మొదటిసారి పెట్టేవాళ్లు ఆ తలనొప్పి పెట్టుకోకుండా ఒక గంట ఆన్‌లైన్‌లో పిలిస్తే చాలు.

స్థానికులకు కూడా వక్తల గౌరవమే ఇవ్వండి. సేవా కేంద్రం నడిపే అమ్మాయి, రేషన్ డీలర్, బ్యాంక్ మిత్ర వస్తే వాళ్లకూ అదే పారితోషికం, ముందు వరసలో అదే కుర్చీ. ఒక పూట కొట్టు మూసుకుని వస్తారు వాళ్లు.

హాలు, నెట్, డబ్బు

రెండు వేర్వేరు కంపెనీల కనెక్షన్లు పెట్టుకోండి, ఇన్వర్టర్ కాదు జనరేటర్ ఉండాలి, తీర్పులూ వీడియోలూ అన్నీ ముందే డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో ఉంచండి. వరసలుగా బిగించిన కుర్చీల హాలు వద్దు, గుంపులుగా కూర్చోవడం కుదరదు. డబ్బుకి మీ విశ్వవిద్యాలయం, సామాజిక శాస్త్రాల పరిశోధనకు నిధులిచ్చే కేంద్ర మండలి ఐసీఎస్ఎస్ఆర్, బార్ అసోసియేషన్, ఈ మూడూ అడగండి. టెలికాం కంపెనీల స్పాన్సర్‌షిప్ మాత్రం తీసుకోవద్దని నా అభిప్రాయం, ఆరో రోజు వాదించేది వాళ్లు నెట్ ఆపిన విషయమే కదా. పారితోషికాలకు పాన్, బ్యాంకు వివరాలు అకౌంట్స్ సెక్షన్‌కి నేరుగా పంపమనండి, వలంటీర్ల ఫోన్లలోకి రానివ్వకండి. భోజనం కాలేజీ మెస్‌లోనే, సాయంత్రం బఠానీ చాట్, టీ.

ముగిశాక

రెండు వారాల లోపల పది పేజీల నివేదిక మూడు భాషల్లో రావాలి, ఆలస్యమైతే ఇక రాదు. అందులో ఉపన్యాసాల సారాంశం రెండు పేజీలు దాటొద్దు, మిగతాదంతా నాలుగో రోజు చూసినవి, పదాల పట్టిక, సవరలో దొరకని మాటల జాబితా. ఒక కాపీ జిల్లా న్యాయ సేవల సంస్థకి, ఒకటి పౌర సరఫరాల అధికారికి, ఒకటి సైబర్ స్టేషనుకి, ఇంకొకటి విద్యార్థులు వెళ్లిన ప్రతి రేషన్ షాపుకీ, సేవా కేంద్రానికీ. కొరియర్‌లో పంపకుండా ఆ జట్టువాళ్లనే పట్టుకెళ్లి ఇమ్మనండి, ఇచ్చి ఏమైనా తప్పు రాశామా అని అడగమనండి. తప్పని చెబితే దిద్ది, ఆ దిద్దిన కాపీనే లైబ్రరీకి ఇవ్వండి.